నడుమ కూర్చునేది ఎవరు?

కార్ల గురించి రాసేవాళ్లూ మాట్లాడేవాళ్లూ దాదాపు అందరూ స్టీరింగు వెనక కూర్చునే మాట్లాడతారు. ఇంజను ఎంత లాగుతుంది, మైలేజీ ఎంత ఇస్తుంది, ముందున్న తెర ఎన్ని అంగుళాలు అన్నదే ముచ్చట. వరంగల్లు కాశిబుగ్గలో ఒక కారు ఆగినప్పుడు అందులోంచి దిగేవాళ్లను చూస్తే అసలు సంగతి వేరే అని తెలుస్తుంది. ముందు సీట్లోంచి ఇంటి పెద్దాయన దిగుతాడు. వెనక తలుపు తెరుచుకుంటే నానమ్మ ఒక కాలు బయట పెట్టి, పట్టుకోవడానికి ఆసరా వెతుక్కుంటుంది. అవతలి తలుపులోంచి కోడలు, ఆ తర్వాత దారంతా నడుమ ఇరుక్కుని వచ్చిన ఆడబిడ్డ, ఆమె ఒళ్లో పిల్ల. ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్ముకుని తిరిగిపోయే రైతు ఇంటివాళ్లైనా, కొత్తవాడ నుంచి పెళ్లికి బయలుదేరిన బలగమైనా వరుస ఇదే. డ్రైవరు సీటు ఏ బండిలోనైనా బాగానే ఉంటుంది, షోరూంలో బేరం కుదిరేది అక్కడే కాబట్టి. నడుమ కూర్చున్న మనిషికి, చివరి వరుసలో కూర్చున్న మనిషికి ఏ రకం కారు ఎంత మేలు చేస్తుందన్నదే ఇక్కడ నేను పట్టుకున్న కొలబద్ద. ఈ కొలబద్దతో చూస్తే బజారులో వినిపించే పెద్ద బండి, చిన్న బండి అన్న వరుస చాలాచోట్ల తారుమారవుతుంది.

మన దేశంలో కారు లోపలి జాగాను మొదట నిర్ణయించింది ఇంజనీర్లు కాదు, బడ్జెట్టు. 2006లో కేంద్రం చిన్న కార్ల మీద ఎక్సైజు సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించింది. చిన్న కారు అంటే పొడవు 4 మీటర్లు మించకూడదు, పెట్రోలు ఇంజను 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటకూడదు. పన్నుల పేర్లు మారినా ఆ గీత చెరగలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీ రేట్లలోనూ గీతకు ఇవతల 18 శాతం, అవతల 40 శాతం. అమెరికాలో పర్యావరణ పరిరక్షణ సంస్థ కార్లను వర్గాలుగా విడదీసేది లోపలి జాగాను బట్టి. మనుషుల జాగా, సామాను జాగా కలిపి 110 ఘనపుటడుగులు ఉంటే మధ్యరకం, 120 దాటితే పెద్ద కారు. మనం బయట టేపు పెట్టి కొలుస్తాం, వాళ్లు లోపల కొలుస్తారు. బయటి పొడవుకు హద్దు పెడితే దాని దెబ్బ ఎక్కడ తగులుతుందో మారుతి డిజైర్ చరిత్రే చెబుతుంది. 2008లో వచ్చినప్పుడు అది 4,160 మిల్లీమీటర్ల కారు, డిక్కీ 440 లీటర్లు. 2012లో దాన్ని 3,995కు కుదించారు, డిక్కీ 316 లీటర్లకు పడిపోయింది. 2017 మోడల్ వచ్చాకగానీ అది 378కి ఎక్కలేదు. ఈ లీటర్లను కూడా కాస్త అనుమానంతోనే చూడాలి. 20 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 5 మందం ఉన్న దిమ్మెలు ఎన్ని పడితే అన్ని లీటర్లని లెక్కగట్టే పద్ధతి ఒకటుంది. జాతరకు తీసుకుపోయే పెద్ద బగోనె ఆ దిమ్మెల్లా సందుల్లో సర్దుకోదు.

పొడవుకు హద్దున్నా ఎత్తుకు లేదు. ఈ కిటుకు జపానుకు ముందే తెలుసు. అక్కడ కీ కార్లు అనే బుల్లి కార్ల వర్గానికి పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు దాటకూడదు, ఎత్తు మాత్రం 2 మీటర్ల దాకా పోవచ్చు. అందుకే 1993లో అక్కడ వ్యాగన్ ఆర్ నిలువుగా పెరిగిన డబ్బాలా పుట్టింది. మన దగ్గరికి 1998లో శాంట్రో, 1999 చివర్లో వ్యాగన్ ఆర్ వచ్చినప్పుడు వాటి ఆకారం చూసి నవ్వినవాళ్లున్నారు. ఆ నవ్వు ఎంత తొందరపాటో తెలియాలంటే అంబాసిడర్ పక్కన పెట్టి చూడాలి. 1950ల చివరి నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్ పొడవు దాదాపు 4.3 మీటర్లు, ముందు చక్రాల ఇరుసుకూ వెనక ఇరుసుకూ నడుమ దూరం, అంటే వీల్‌బేస్, సుమారు 2,460 మిల్లీమీటర్లు. నేటి వ్యాగన్ ఆర్ పొడవు 3,655, వీల్‌బేస్ 2,435. బండి రెండడుగులకు పైగా పొట్టిదైనా, చక్రాల నడుమ, అంటే మనుషులు కూర్చునే చోట, తేడా అంగుళమే. పోయిందంతా బానెట్టూ డిక్కీయే. ఇంజనును అడ్డంగా పెట్టి ముందు చక్రాలనే తిప్పించే పద్ధతిని 1959లో అలెక్ ఇసిగోనిస్ మినీ కారులో జనానికి చూపించాడు. పది అడుగుల కారులో నేల వైశాల్యంలో 80 శాతం మనుషులకూ సామానుకూ మిగిలింది. ఆ తర్వాత వచ్చిన చిన్న కార్లు చాలావరకు ఆ దారినే నడిచాయి. మన నానో మాత్రం ఇంజనును వెనక్కి నెట్టి, 3.1 మీటర్ల పొడవులోనే మారుతి 800 కన్నా ఎక్కువ జాగా ఇచ్చింది. దాని జాతకం వేరే కారణాలతో చెడింది కానీ వెనక సీటు విషయంలో దానికి పేరు పెట్టలేం.

ఎత్తు పెరిగితే తలకు చోటు దొరుకుతుందని అందరికీ తెలుసు. మోకాళ్లకు కూడా దొరుకుతుందన్నది తక్కువమంది గమనిస్తారు. కుర్చీలో కూర్చున్న మనిషి ముందు ఎంత జాగా కావాలో, పీట మీద కూర్చున్న మనిషి ముందు ఎంత కావాలో చూడండి. పీట మీద కూర్చుంటే కాళ్లైనా చాపాలి, మోకాళ్లైనా పైకి లేపాలి. కారు సీటూ అంతే. కారు తయారీవాళ్లు ఒక బొమ్మను సీట్లో కూర్చోబెట్టి, తుంటి కీలు ఎక్కడ నిలుస్తుందో గుర్తుపెట్టి, అక్కడి నుంచే మిగతా కొలతలన్నీ తీస్తారు. మడమ ఆనే నేలకూ ఆ తుంటి బిందువుకూ మధ్య ఎత్తు ఎక్కువుంటే తొడ మొత్తం సీటు మీద ఆనుతుంది, పాదం నిటారుగా కిందికి దిగుతుంది, తక్కువ పొడవులోనే మనిషి సుఖంగా పడతాడు. ఎత్తు తక్కువైతే తొడ గాల్లో తేలుతుంది, బరువంతా పిరుదుల మీద పడుతుంది, గంట దాటకముందే నడుము మొరాయిస్తుంది. సీటు బాగోలేదని జనం అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది, సీటు గుడ్డలోనో కుట్టులోనో కాదు.

ఇదే ఎత్తు దిగడానికీ ఎక్కడానికీ కూడా కీలకం. కిందికి ఒదిగిన సెడాన్‌లో కూర్చోవడమంటే పడిపోవడమే, లేవడమంటే మోకాళ్ల మీద బరువంతా మోపడమే. బొలెరో, స్కార్పియో లాంటి వాటిలోకి ఎక్కాలంటే మెట్టు కావాలి, చీర కుచ్చెళ్లు ఒక చేత పట్టుకుని మరో చేత పిడి అందుకోవాలి. ఈ రెంటికీ నడుమ, నేల మీద నిలబడ్డ మనిషి తుంటి ఎత్తుకు దగ్గరగా సీటున్న బండి ఏదైతే ఉందో, అందులోకి పెద్దవాళ్లు పక్కకు తిరిగి కూర్చుని కాళ్లు లోపలికి తీసుకుంటే చాలు. వ్యాగన్ ఆర్ లాంటి పొడుగు హ్యాచ్‌బ్యాకులకూ, చిన్న ఎస్‌యూవీల్లో కొన్నింటికీ ఈ గుణం ఉంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మను నెలనెలా ఆసుపత్రికి తీసుకుపోయే ఇంటికి ఇదొక్కటే చాలు కారు తేల్చుకోవడానికి.

ఇక్కడే ఇంకో మాట. సమీక్షల్లో తొడకు ఆసరా బాగుందని మెచ్చుకునే పొడవాటి సీటు, ఐదడుగుల మనిషికి శిక్ష. సీటు అంచు మోకాలి వెనక నొక్కుతుంది, పాదం నేలకు ఆనదు, ముందుకు జరిగి కూర్చుంటే వీపుకు ఆసరా పోతుంది. కార్లను పరీక్షించేవాళ్లు ఎక్కువమంది ఎత్తరి మగవాళ్లు. నేను ఆరడుగులుంటాను, నా మోకాలికీ ముందు సీటుకూ మధ్య పిడికిలి పట్టింది అని చెప్పే వాక్యం వల్ల మన ఇళ్లలోని ఆడవాళ్లకు తెలిసేది దాదాపు సున్నా. భారతీయుల దేహ కొలతలను సేకరించి అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ 1997లోనే పుస్తకం వేసింది. అయినా వెనక సీటు అడుగు ఎంత లోతుండాలన్న విషయంలో షోరూముల్లో ఎవరూ నోరు విప్పరు. పెద్దవాళ్లు చాలామంది సీటు మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. వాళ్లకు కావలసింది లోతు, వెడల్పు. అంచుల్లో ఉబ్బెత్తుగా పొదిగిన స్పోర్ట్స్ సీటు వాళ్లకు పనికిరాదు.

ఇక రకాలవారీగా. స్విఫ్ట్ లాంటి హ్యాచ్‌బ్యాకులో వెనక సీటు ముందువాళ్ల దయ మీద ఆధారపడి ఉంటుంది. డ్రైవరు పొడుగైతే వెనక మోకాళ్లకు చోటుండదు. అదే వీల్‌బేస్ ఉన్న డిజైర్‌లో వెనక సీటును కాస్త వెనక్కి జరిపారు కాబట్టి కాళ్లకు నయం. కిరాయి బండ్ల అడ్డాల్లో దానికి అంత గిరాకీ ఉండటానికి మైలేజీ ఒక్కటే కారణం కాదు. కానీ ఎక్కడానికి కిందికి వంగాలి, ముగ్గురు కూర్చుంటే భుజాలు ఒరుసుకుంటాయి. పెద్ద సెడాన్లు, అంటే 2,600 వీల్‌బేసున్న హోండా సిటీ, 2,650తో 2014 నుంచి 2025 దాకా వచ్చిన సియాజ్ లాంటివి, ఇద్దరికి రాజభోగం. హైదరాబాదు దాకా నూటయాభై కిలోమీటర్లు కాళ్లు చాపుకుని పోవాలంటే ఈ ధరలో వాటికి సాటి లేదు. జనం వాటిని వదిలి ఎస్‌యూవీల వెంట పడటం నాకు కొంత వింతగానే ఉంటుంది.

చిన్న ఎస్‌యూవీల్లో కొత్తగా దొరికేది పొడవు కాదు, వెడల్పు. డిజైర్, బ్రెజా రెండూ 3,995 మిల్లీమీటర్ల బండ్లే. బ్రెజా వీల్‌బేస్ 2,500, డిజైర్‌ది 2,450. వెడల్పులో 1,735కి బదులు 1,790. బయటి కొలతే అయినా ఆ 55 మిల్లీమీటర్లు నడుమ కూర్చున్న ఆడబిడ్డ భుజానికి తెలుస్తాయి. తమాషా ఏమిటంటే, అక్కడి నుంచి ఇంకా లక్షలు పోసి క్రెటాకు పోతే వెడల్పు అదే 1,790. వీల్‌బేస్ 2,610కి పెరుగుతుంది కాబట్టి మోకాళ్లకు లాభం, వీపు వాల్చుకోవడానికీ వీలుంటుంది, మూడో మనిషి భుజాలకు మాత్రం పెద్దగా ఏమీ రాదు. చిన్న బండ్లలో జాగా మిగల్చడానికి వెనక వీపును నిటారుగా నిలబెట్టేస్తారు. ఈ లోపాన్ని సవరించడానికి 2025లో వచ్చిన కియా సైరోస్ వెనక సీటును ముందుకూ వెనక్కూ జరిగేలా, వాలేలా చేసింది. నాలుగు మీటర్ల లోపు బండిలో ఇది చెప్పుకోదగ్గ మార్పు. నడుమ సీటులో చూడవలసినవి ఇంకా ఉన్నాయి: కింద నేల చదునుగా ఉందా గుట్టలా లేచిందా, వీపు వెనక మడిచిన చేతి ఆసరా గట్టిగా గుచ్చుతుందా, భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందా. వెనక కూర్చున్నా బెల్టు పెట్టుకోకపోతే మోటారు వాహనాల చట్టం 194బి కింద వెయ్యి రూపాయల జరిమానా. ఒళ్లో పిల్లను ఏ బెల్టూ కాపాడదు. సౌకర్యం ముచ్చటలో దీన్ని సర్దుకుపోవడంగా చూడటం మనకు అలవాటైపోయింది.

మూడో వరుస దగ్గరికి వస్తే మేడారం రోడ్డు మీదికి రావాల్సిందే. రెండేళ్లకోసారి మాఘంలో సమ్మక్క సారలమ్మ జాతర వస్తే వరంగల్లు ఇళ్లలో ఏడు సీట్ల బండి కోసం వెతుకులాట మొదలవుతుంది. ములుగు దగ్గర గట్టమ్మకు మొక్కి, పస్రా, తాడ్వాయి మీదుగా పోయే దారి వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. జాతర రద్దీలో అది ఎన్ని గంటలు పడుతుందో చెప్పలేం. బెల్లం, కోళ్లు, బియ్యం, గిన్నెలు, పరుపులు, మనుషులు. ఈ బరువుకు రెనో ట్రైబర్ ఎదురు నిలవలేదు. 2019లో వచ్చిన ట్రైబర్ నాలుగు మీటర్ల లోపే ఏడుగురిని కూర్చోబెట్టింది, అది తెలివైన పనే. కానీ ఏడు సీట్లూ నింపితే డిక్కీ 84 లీటర్లే మిగులుతుంది. చివరి రెండు తీసేసి ఐదుగురితో పోతే 625 లీటర్లు. అంటే దాన్ని ఏడు సీట్ల బండిగా కాక, అవసరానికి పిల్లలిద్దరిని కూడా ఎక్కించుకునే ఐదు సీట్ల బండిగా కొనాలి. ఎర్టిగాలో ఏడుగురు ఎక్కాక 209 లీటర్లు. చివరి వరుసలో పెద్దవాళ్లు ములుగు దాకా ఓర్చుకుంటారు.

చివరి వరుస ఎందుకు ఇరుకంటే, అది వెనక ఇరుసు మీద ఉంటుంది. ఇరుసు, సస్పెన్షను కోసం అక్కడ నేల పైకి లేస్తుంది, పైకప్పు కిందికి వాలుతుంది, నడుమ మిగిలిన ఎత్తులో సీటును పీటగా మార్చక తప్పదు. పైగా గుంతలో చక్రం పడితే మొదటి దెబ్బ అక్కడే. 2005లో వచ్చిన ఇన్నోవా ఈ దేశంలో అంత పేరు తెచ్చుకోవడానికి కారణం, చివరి వరుసలోనూ మనిషిని మనిషిలా కూర్చోబెట్టడమే. వీల్‌బేస్ 2,750. 2022లో వచ్చిన హైక్రాస్ చాసీ మీద కట్టిన బండి కాదు, ముందు చక్రాలతో నడిచేది. వెనక్కి శక్తిని తీసుకుపోయే కడ్డీ లేదు కాబట్టి నేల దిగింది, వీల్‌బేస్ 2,850 అయ్యింది, చివరి సీటు కాస్త కుర్చీ అయ్యింది. నడుమ వరుసలో విడివిడి సీట్లా, బెంచీయా అన్నది ఇంటిని బట్టి. విడివిడి సీట్లుంటే వాటి సందులోంచి పెద్దవాళ్లు వెనక్కి పోగలరు, బెంచీ ఉంటే ఇంకొకరు పడతారు.

మధ్యతరగతికి జాతర రోజున దొరికేది మాత్రం తుఫాన్, బొలెరోలే. వాటిలో వెనక ఎదురెదురుగా పక్కవాటు సీట్లు. ఎదుటివాళ్ల మోకాళ్లకు మోకాళ్లు తగులుతుంటాయి, బ్రేకు వేస్తే అందరూ ఒక పక్కకు ఒరుగుతారు, భుజం బెల్టు ఉండదు. భద్రత లెక్కలో అన్నిటికన్నా కింద ఉంటాయి. అయినా కథలూ పాటలూ నడిచేది వాటిలోనే, మొఖాలు మొఖాలు చూసుకుంటూ కూర్చుంటారు కాబట్టి.

సీటు మెత్తదనం గురించి చాలా అపోహలున్నాయి. షోరూంలో ఐదు నిమిషాలు కూర్చుంటే మెత్తటి సీటే గెలుస్తుంది. జనగామ దాటేసరికి ఆ మెత్తదనంలో తుంటి వెనక్కి దొర్లి, వెన్ను వంగి, నొప్పి మొదలవుతుంది. స్వీడన్ ఎముకల వైద్యుడు అల్ఫ్ నాకెమ్సన్ 1960లలో వెన్నుపూసల మధ్య డిస్కులో ఒత్తిడిని కొలిచి, నిలబడ్డప్పటికన్నా ఆసరా లేకుండా కూర్చున్నప్పుడే అది ఎక్కువని చూపించాడు. వీపును కాస్త వెనక్కి వాల్చి, నడుము దగ్గర ఆసరా ఇస్తే ఆ ఒత్తిడి తగ్గుతుందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. మనకు ముందు సీట్లలో ఆ ఏర్పాటు అక్కడక్కడా వస్తోంది, వెనక సీటుకు దాదాపు ఎవరూ పెట్టరు. చిన్న దిండు పెట్టుకోవడమే మార్గం. ఊగిసలాట సంగతి చూస్తే, సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు పైకీ కిందికీ అదిరే అదురు కూర్చున్న ఒంటికి ఎక్కువగా తగులుతుంది. దానికన్నా చాలా నెమ్మదిగా, ఐదు సెకన్లకోసారి తూగే తూగు వాంతులు తెప్పిస్తుంది. గట్టి సస్పెన్షను నడుముకు చేటు, మరీ మెత్తటిది కడుపుకు చేటు. ఎత్తైన చాసీ బండ్లు మలుపుల్లో అటూ ఇటూ ఒరుగుతాయి. కొత్త ఎస్‌యూవీల్లో అద్దాల అంచు మరీ పైకి పోయి, పిల్లలకు బయట దారి కనిపించదు. తాడ్వాయి అడవి మలుపుల్లో నిమ్మకాయ వాసన చూసేది ఎక్కువగా వెనక కూర్చున్నవాళ్లే అయితే, తప్పు వాళ్ల కడుపుది కాదు.

మే నెలలో 42 డిగ్రీలు దాటే ఊరికి తోలులాంటి సీటు ఎందుకన్నది నాకు ఎప్పటికీ అర్థం కాదు. 2017 వెర్నాతో ముందు సీట్లకు గాలి ఆడే ఏర్పాటు మధ్యతరగతి దాకా దిగివచ్చింది. అది లేనివాళ్లకు గుడ్డ సీటే మేలు. వెనక ఏసీ గాలి రంధ్రాలు ఉన్నాయో లేదో చూడటం అంతకన్నా ముఖ్యం. బజారు సీటు కవర్లు ముందు సీట్లకు తొడిగిస్తే, సీటు పక్క అంచులో ఉన్న ఎయిర్‌బ్యాగుకు అడ్డం పడొచ్చు.

కరెంటు కార్లు ఈ లెక్కను మళ్లీ కదిలించాయి. పెట్రోలు బండికే నేల కింద బ్యాటరీ అమరిస్తే నేల పైకి వస్తుంది, సీటు అక్కడే ఉంటుంది. చూడ్డానికి పెద్ద బండి, లోపల కాళ్లకు పీట. మొదటి నుంచీ బ్యాటరీ కోసమే గీసిన బండిలో నేల చదునుగా ఉండి, నడుమ మనిషి పాదాలకు హాయి. కొనే ముందు వెనక కూర్చుని, తొడ కింద చెయ్యి దూరుతుందేమో చూడండి. తేలిగ్గా దూరితే అది హైదరాబాదుకు పోయే బండి కాదు.

కాశిబుగ్గలో ఒక్కో ఇంట్లో ఏడాదంతా కారులో తిరిగేది నలుగురు, జాతరకు పోయేది పదీ పన్నెండు మంది. ఆ కొన్ని రోజుల కోసం అప్పుచేసి ఏడు సీట్లు కొని, మిగతా రోజుల్లో ఖాళీ సీట్లను ఇరుకు గల్లీల్లో తిప్పడం నాకు నచ్చని బేరం. ఇంట్లో మోకాళ్ల నొప్పులవాళ్లు ఉంటే పొడుగు హ్యాచ్‌బ్యాకు, వెనక ఎప్పుడూ ముగ్గురుంటే వెడల్పున్న చిన్న ఎస్‌యూవీ, నెలకు నాలుగుసార్లు హైదరాబాదు పోయే ఇద్దరైతే సెడాన్. మాఘంలో కిరాయికి ఇన్నోవా మాట్లాడుకోవచ్చు, సంక్రాంతికి ముందే అడిగితే దొరుకుతుంది.